భోగి మంట ఆరుబయటే

2024లో భోగి ఆదివారం వచ్చింది, జనవరి 14. సెలవు రోజు కదా, ఈసారి ఘనంగా చేసుకుందామని మన షికాగోవాళ్ళం చాలామందిమి అనుకున్నాం. సరిగ్గా ఆ వారాంతానికే ధ్రువం నుంచి చలిగాలి దిగి ఉష్ణోగ్రత సున్నా ఫారెన్‌హైట్ కిందికి పోయింది. ఎలక్ట్రిక్ కార్లు చార్జింగ్ ఎక్కక స్టేషన్ల దగ్గరే బారులు తీరి ఆగిపోయాయి. మంగళవారం షికాగోలో బడులు మూసేశారు. భోగి మంటలు మానేసి, టీవీలో మంట వీడియో పెట్టుకుని దాని ముందు ఫొటోలు దిగిన ఇళ్ళు నాకు తెలుసు. సావనీర్‌కి ఏదైనా రాసివ్వండి అని సంపాదకులు అడిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ టీవీ మంటే.

మాది అమలాపురం పక్కన బండారులంక. మగ్గాల ఊరు. ధనుర్మాసంలో తెల్లారుజామున ఎదురిల్లు కనిపించనంత మంచు పట్టేది. పడుగుకి గంజి పెట్టి వీధిలో సాగదీసి కుంచెతో దువ్వాలంటే ఆ మంచు విడాలి, ఎండ తగలాలి. అందాకా నాన్న, బాబాయిలు తలకి తువ్వాళ్ళు చుట్టుకుని అరుగు మీద ఎదురుచూసేవారు. గుంటమగ్గంలో కాళ్ళు పెడితే నేల చెమ్మ మోకాళ్ళ దాకా ఎక్కుతుందనేవారు నాన్న. నిజానికి మా కోనసీమలో చలెంత? 16, 17 డిగ్రీల సెల్సియస్‌కి దిగితే చలి చంపేస్తోందనుకునేవాళ్ళం.

ఆ చలికి మా నాయనమ్మ బొంత కుట్టేది. చిరిగిన చీరలు పొరలు పొరలుగా పరిచి, అంచుల నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చేది. పొరల మధ్య చిక్కిన గాలే ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఇక్కడ వాతావరణ శాఖవాళ్ళు ఏటా చెప్పేదీ అదే: ఒక్క లావు కోటుతో సరిపెట్టకండి, పొరలుగా వేసుకోండి అని. అయితే ఒంటికి ఆనుకునే పొర మాత్రం నూలుది కాకూడదు. నూలు చెమటని పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆ తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. నేతవారింట పుట్టి నూలు వద్దని రాయడం నాకు కష్టంగానే ఉంది. కానీ గడ్డకట్టే చలిలో పిల్లల ఒంటి మీద ముందు ఉన్నిదో, థర్మల్‌దో పడాలి. మన నూలు చీరలకి వేసవి ఉంది, గుడి ఉంది, పెళ్ళిళ్ళున్నాయి.

ఇక్కడి చలి సంగతి పెద్దలకి కొత్తగా చెప్పక్కర్లేదు. 1985 జనవరి 20న షికాగోలో మైనస్ 27 ఫారెన్‌హైట్, అంటే దాదాపు మైనస్ 33 సెల్సియస్ నమోదైంది. ఈ ఊరి రికార్డు ఇప్పటికీ అదే. ఆ చలి చూసిన డాక్టర్లు, ఇంజినీర్లు మన మధ్యే ఉన్నారు, వాళ్ళ చేత పిల్లలకి ఆ కబుర్లు చెప్పించాలి. తరవాత వచ్చినవాళ్ళం 2019 జనవరి 30 చూశాం. మైనస్ 23 ఫారెన్‌హైట్. ధ్రువం చుట్టూ తిరుగుతూ చలిని అక్కడే పట్టి ఉంచే గాలి సుడి చెదిరితే ఆ చలి ఇలా మన నెత్తి మీదికి దిగుతుంది. ఉత్తరాల బట్వాడా ఆపేశారు. రైలు పట్టాలు మారే చోట బిగుసుకుపోకుండా గ్యాస్ మంటలు పెట్టారు. కప్పుకోని చర్మం నిమిషాల్లో గడ్డకడుతుందని హెచ్చరికల మీద హెచ్చరికలు. ఆ రోజు వీడియోలో మా వీధి చూసి, "అన్ని ఇళ్ళుండి ఒక్క మనిషీ బయట లేడేంటి వదినా?" అంది ఊళ్ళో ఉన్న మా వదిన.

నిజమే. అలాంటి రోజున బయటికి రాకూడదు. అలాగని నిప్పుని ఇంట్లోకి తేకూడదు. మా పెంకుటింట్లో నాయనమ్మ మంచం పక్కన కుంపటి ఉండేది. పెంకుల సందుల్లోంచి, చూరు కింద నుంచి గాలి ఆడేది కాబట్టి చెల్లింది. ఇక్కడి ఇళ్ళు గాలి చొరకుండా కట్టినవి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపానుకి 40 లక్షలకు పైగా ఇళ్ళకి కరెంటు పోయినప్పుడు, చలికి తాళలేక ఇంట్లో బొగ్గులు రాజేసుకున్నవాళ్ళు, మూసిన గరాజ్‌లో కారు ఆన్ చేసుకుని కూర్చున్నవాళ్ళు కార్బన్ మోనాక్సైడ్ విషానికి గురయ్యారు. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆ తుపానులో పోయిన ప్రాణాలు 246 అని ఆ రాష్ట్రమే లెక్క తేల్చింది. పిడకైనా, బొగ్గైనా ఆరుబయటే వెలగాలి.

నీళ్ళ సంగతీ చెప్పాలి. కాలవల్లో ఈతకొట్టి పెరిగినవాళ్ళం, మనకి నీటి భయం తక్కువ. గడ్డకట్టిన నీళ్ళ గురించి మాత్రం మనకి తెలిసింది సున్నా. 2022 డిసెంబరు 26న అరిజోనాలో వుడ్స్ కాన్యన్ సరస్సు మీద మంచు పగిలి మన దేశంవాళ్ళు ముగ్గురు పోయారు, వాళ్ళలో తెలుగువారూ ఉన్నారు. ఇక్కడ పుట్టిన పిల్లలు ఆ మంచు మీద కాలు పెట్టొద్దంటే వినండి. ఈ చలి వాళ్ళ సొంత ఊరి చలి.

నా దిగులు కూడా అక్కడే ఉంది. మంచు పడగానే మన పిల్లలు కేరింతలతో బయటికి పరిగెడతారు. మనం కిటికీ దగ్గర నిలబడి "జలుబు చేస్తుంది, రండి" అంటాం. వాళ్ళ చలికాలమంతా బయట, మన పండగంతా హాల్లో సోఫాల మధ్య. ఇక వాళ్ళు ఎటు మొగ్గుతారు? సంక్రాంతి అసలు నాలుగ్గోడల పండగే కాదు. ముగ్గు వీధిలో, హరిదాసు వీధిలో, మంట వీధిలో. కనుమ నాడు మా కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు ఊరి ప్రభల్ని పీకల్లోతు నీళ్ళల్లో కౌశిక కాలవ దాటిస్తారు. భుజం పట్టినవాళ్ళలో చలని వెనక్కి తగ్గినవాణ్ణి నేను చూడలేదు. 2023 గణతంత్ర దినోత్సవ పరేడ్‌లో ఆంధ్ర శకటం ఆ ప్రభల తీర్థమే. ఆ వీడియో ఇంటర్నెట్‌లో ఉంది, పిల్లలకి ఒకసారి చూపించండి.

పోయినవి పోయాయి. దొడ్లో కాగు వేన్నీళ్ళు లేవు, తెల్లారగట్ల వీధి చివర నుంచి వినిపించే హరిదాసు చిడతలు లేవు. రేగిపళ్ళు దొరక్క చాలామందిమి పిల్లలకి భోగిపళ్ళుగా క్రాన్‌బెర్రీలు పోస్తున్నాం, తప్పేమీ లేదు. పిడకలు ఇండియన్ స్టోర్లలోనే అమ్ముతున్నారు. పెరట్లో మంచు పారతో తోసి, ఊరి నిబంధనలు చూసుకుని, ఇనప తొట్టిలో మంట వేసుకోవచ్చు. మా వీధి పిల్లలు ఒక ఏడు మంచుతోనే గొబ్బెమ్మలు చేసి బంతిపూలు గుచ్చారు, తెల్లటి మంచు మీద రంగునీళ్ళ సీసాలతో ముగ్గు పెట్టారు. ఎవరూ నేర్పలేదు. పేడ లేని చోట అవే మన గొబ్బెమ్మలు. చలి మరీ ప్రాణాంతకంగా ఉంటే పూజ ఆ రోజే కానిచ్చి, మంటని చలి తగ్గిన శనివారానికి జరుపుకుందాం. టీవీ మంట కంటే ఆలస్యపు మంట నయం.

వచ్చే భోగికి మంట పిల్లల చేతే వెలిగించండి, పెద్దవాళ్ళు పక్కనుండి చూసుకోండి. పావుగంట నిలబడినా చాలు. జనవరి సెమిస్టర్‌కి మన ఊళ్ళ నుంచి పల్చటి జాకెట్లతో దిగే విద్యార్థులు మీ దగ్గర్లో ఉంటే వాళ్ళనీ పిలవండి. మీ ఇంట్లో వాడని కోట్లు, బూట్లు, చేతి తొడుగులు ఉంటే ఆ రోజే వాళ్ళకి అందించండి.