నిచ్చెన కొనేముందు

కోహీరు తోటల్లో జామకాయలు కోయడానికి పొట్టి నిచ్చెన చాలు. మిద్దెకు సున్నం వేయాలన్నా, క్రిస్మస్‌కు గుడిపై నక్షత్రం కట్టాలన్నా సాగే నిచ్చెన కావాలి.

కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. మనిషి బరువు, సామాను బరువు కలిపి మోయగలదా? కొక్కేలు మెట్టును గట్టిగా పట్టుకుంటున్నాయా? కాళ్లకు రబ్బరు ఉందా? పరీక్షించండి.

సాగదీసినా రెండు భాగాలు కనీసం 3 అడుగులు ఒకదానిపై ఒకటి ఉండాలి. 12 అడుగుల ఎత్తున ఆనిస్తే కాళ్లు గోడకు 3 అడుగుల దూరంలో ఉంచండి. అల్యూమినియం నిచ్చెన తేలికే గాని, కరెంటు తీగకు తగిలితే ప్రాణం తీస్తుంది. తీగలకు 10 అడుగుల లోపు ఏ నిచ్చెనా వేయకండి.

ఒకరు ఎక్కితే మరొకరు కింద పట్టుకోండి. సంపాదించే మనిషి పడితే ఇల్లంతా పడినట్లే గదా!