హోసూరు పెరళ్లలో ఎడ్వర్డు గులాబి

హోసూరు, కృష్ణగిరి సీమలు తమిళనాట నున్నను, అచటి పెక్కు గృహములందు తెలుగు పలుకే వినవచ్చును. సుమారు 900 మీటర్ల యెత్తుననున్న హోసూరి మితోష్ణము గులాబికి మిక్కిలి అనుకూలము. నేడచటి పాలీహౌసులలో పెరుగు పొడుగుకాడల గులాబులు విదేశములకు ఎగుమతి యగుచున్నవి. వానికి దినములకొలది నిలుచుటయే గుణము, పరిమళము స్వల్పము. పూజకును, జడకును, గుల్కందునకును పెరట నిలుపుకొనదగినది ఎడ్వర్డు గులాబి.

ఇది హిందూమహాసముద్రమందలి రీయూనియన్ దీవిలో, కంచెలుగా నాటిన చైనా గులాబికిని దమస్కు గులాబికిని సహజముగా కలిగిన సంకరము. 19వ శతాబ్ది ఆరంభమున గుర్తింపబడినది. మరల మరల పూయు స్వభావమునకు చైనా గులాబియు, పరిమళమునకు దమస్కు గులాబియు ముఖ్యమూలములు.

పెన్సిలంత లావు, జానెడు పొడవుగల ముదురు కొమ్మను నాటిన వేరూనును. మనిషియెత్తు పెరుగును గనుక మొక్కల నడుమ నాలుగైదడుగుల ఎడముండవలెను. నీరు నిలిచినచో వేళ్లు కుళ్లును. పూవు క్రొత్త చిగురునందే పుట్టును. కావున వాడిన పూవులను త్రుంచుచు, ఏటికొకమారు వెలుపలివైపు చూచు కన్నునకు పైగా కొమ్మలను కత్తిరింపవలెను. తెల్లవారుజామున కోసిన పూవునకు వాసన మెండు. ఆ రేకులను చక్కెరతో పొరలుగా పేర్చి ఎండనుంచిన గుల్కందగును.

విత్తనమువలన ఈ సంకరము యథాతథముగా రాదు. ఇరుగుపొరుగులకు కొమ్మనిచ్చు ఆచారము నిలిచినంతకాలమే ఇది మన పెరళ్లలో నిలుచును.