స్వయంచాలక చుక్కాని – తీగల దోషాన్వేషణ: తెలుగు వృత్తిపదాల ఆధారంగా ఒక వివరణ

1. ఉపోద్ఘాతం:

భారత నౌకాదళానికి చెందిన ‘ఐ.ఎన్.ఎస్.వి. తారిణి’ 55 అడుగుల తెరచాప పడవ. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి 2018 మే 21న తిరిగి గోవా చేరిన ‘నావికా సాగర్ పరిక్రమ’లో ఆరుగురు మహిళా అధికారులు ఈ పడవపై సుమారు 21,600 నాటికల్ మైళ్లు ప్రయాణించి భూమిని చుట్టివచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య తెలుగు నేల నుంచి వెళ్లినవారు. ప్రయాణం చివరి దశలో, 2018 ఏప్రిల్‌లో, చుక్కాని యంత్రాంగంలో విరుగుడు ఏర్పడటంతో తారిణి ముందుగా అనుకోని పోర్ట్ లూయిస్ రేవులో ఆగవలసి వచ్చింది.

అది యంత్రభాగపు విరుగుడు, విద్యుత్ దోషం కాదు. అయితే చుక్కాని మాట వినకపోతే చిన్న పడవ గమనం ఏమవుతుందో ఆ సంఘటన చెబుతుంది. దూరప్రయాణపు చిన్న పడవల్లో గంటల తరబడి చుక్కాని పట్టేది మనిషి కాదు, ఆటోపైలట్. ఇద్దరు మాత్రమే ఉన్న పడవలో అది ఆగిపోతే రాత్రింబవళ్లు వంతులవారీగా చుక్కాని దగ్గర కూర్చోవాలి. నిద్ర కరువై, అలసట వల్ల జరిగే పొరపాటు అసలు దోషం కంటే ప్రమాదకరమవుతుంది. ఆటోపైలట్ తీగల్లో తలెత్తే దోషాలను వెతికే పద్ధతిని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం. ఈ వివరణకు తెలుగులో ఉన్న మాటలు ఎంతవరకు సరిపోతాయో కూడా ఇందులో పరిశీలించడం జరిగింది.

2. యంత్రం పనిచేసే తీరు:

ఓడలను తమంతట తామే దిక్కు నిలుపుకొనేలా చేసే సిద్ధాంతాన్ని నికొలాస్ మినోర్‌స్కీ 1922లో గణితరూపంలో ప్రతిపాదించాడు. నేటి చిన్న పడవ ఆటోపైలట్‌కూ ఆధారం అదే. ఎలక్ట్రానిక్ దిక్సూచి పడవ ఎటు చూస్తున్నదో చెబుతుంది. చుక్కాని ఎంత వంగిందో మరొక సూచకం చెబుతుంది. కంప్యూటర్ ఈ రెంటినీ కోరిన దిక్కుతో పోల్చి మోటారుకు ఆజ్ఞ ఇస్తుంది. మోటారు చుక్కానిని తిప్పుతుంది. విశాఖ రేవులో సరంగు కన్ను, బుద్ధి, చేయి చేసే పనిని ఇక్కడ నాలుగు పెట్టెలు పంచుకున్నాయి. వాటి మధ్య ఉన్నవన్నీ తీగలే.

3. తెగుట, వదులగుట, చిలుము పట్టుట:

ఆటోపైలట్ దిక్కు తప్పగానే చాలామంది కంప్యూటర్‌ను అనుమానిస్తారు. అది ఖరీదైన అనుమానం. ఉప్పుగాలిలో ముందుగా చెడేది తీగల అతుకు. అందులోనూ ఏ విధంగా చెడిందన్నదే ప్రధానం. మరమ్మతు పుస్తకాల అనువాదాల్లో ‘లోపం’, ‘దోషం’ అనే ఒక్క మాటతో సరిపెట్టే విషయానికి వాడుక తెలుగులో మూడు వేర్వేరు మాటలున్నాయి. తీగ తెగితే యంత్రం పూర్తిగా ఆగుతుంది. దీనిని కనిపెట్టడం సులభం. అతుకు వదులైతే పడవ అలకు కుదిపినప్పుడు ఆగి, మరుక్షణం పనిచేస్తుంది. యంత్రాన్ని నడుపుతూ తీగను చేతితో కొద్దిగా కదిలించి చూస్తే చోటు దొరుకుతుంది. మూడవది చిలుము.

కొన్నిచోట్ల ఇనుముకూ ‘చిలుము’ అనే వాడుక ఉన్నా, సాధారణంగా ఇనుముకు పట్టేది తుప్పు, రాగి ఇత్తడి సామానుకు పట్టేది చిలుము. ఈ భేదం దోషాన్వేషణలో నేరుగా ఉపయోగపడుతుంది. చిలుము తీగను తెంచదు, దారిని ఇరుకు చేస్తుంది. తక్కువ విద్యుత్తు దాని గుండా సాఫీగా పోతుంది, ఎక్కువ కావలసినప్పుడు మాత్రం అడ్డుపడుతుంది. పైగా తీగ పొరలో కంటికి కనపడకుండా లోపలికి పాకుతుంది. (రాగి చెంబును తోమినట్లు చింతపండుతో దీనిని వదిలించబోవడం తగదు, పులుపు, తడి పోగుల మధ్య నిలిచి చిలుమును మళ్లీ పెంచుతాయి. నల్లబడిన భాగాన్ని మెరిసే రాగి కనిపించేవరకు కోసివేయడమే మేలు.)

వృత్తిపదాల సేకరణ 1962 నాటి వ్యవసాయ పదకోశంతోనూ, ఆ తరువాత చేనేత పదాలతోనూ మన విశ్వవిద్యాలయాలకు పరిచితమైన పనే. ఎలక్ట్రీషియన్లు, పడవ మెకానిక్కులు వాడే ఇటువంటి మాటలను కూడా ఆ దృష్టితో సేకరించవలసి ఉంది.

4. భారం మీద కొలత:

చిలుము సమస్య అంతా కొలతలో బయటపడుతుంది. ఒక ఉదాహరణ. బ్యాటరీ నుంచి మోటారు 8 మీటర్ల దూరంలో ఉన్నదనుకుందాం. పోనురాను కలిపి తీగ పొడవు 16 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ మీటరుకు సుమారు 0.0074 ఓమ్‌ల చొప్పున మొత్తం 0.12 ఓమ్‌లు. చిలుము పట్టిన అతుకు మరో 0.1 ఓమ్ కలిపిందనుకుంటే 0.22 ఓమ్‌లు. మోటారు కదలక, కంప్యూటర్ మాత్రమే అర ఆంపియరు తీసుకుంటున్నప్పుడు నష్టం 0.11 వోల్టు. 12.2 వోల్టుల బ్యాటరీకి మీటరు అవతలి చివర 12.1 చూపుతుంది. అంతా బాగున్నదనిపిస్తుంది. పెద్ద అలకు ఎదురుగా చుక్కానిని తిప్పడానికి మోటారు 15 ఆంపియర్లు కోరగానే నష్టం 3.3 వోల్టులు, మిగిలింది 8.9 మాత్రమే. కంప్యూటర్ ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది, లేదా చుక్కాని సగంలో నిలిచిపోతుంది.

ప్రశాంతమైన రేవులో పనిచేసి, గాలి పెరిగినప్పుడే చెడే ఆటోపైలట్‌ల రహస్యం చాలావరకు ఇదే. ఖాళీగా ఉన్నప్పుడు కొలిచిన వోల్టేజి ఎంత బాగున్నా దానిని రుజువుగా తీసుకోకూడదు. ఒకరు చుక్కానిని అటూ ఇటూ తిప్పిస్తుండగా మరొకరు మీటరు ఒక మొనను బ్యాటరీ ధన ధ్రువం మీద, రెండవ మొనను మోటారు దగ్గరి ధన తీగ మీద పెట్టాలి. మీటరు చూపే అంకె ఆ దారిలో పోయిన వోల్టేజి. రుణ తీగకూ ఇలాగే చేయాలి. చాలామంది మరచేది దీనినే. 12 వోల్టుల వ్యవస్థలో రెండూ కలిపి 0.36 వోల్టు, అంటే 3 శాతం, దాటకపోవడం మంచిది. మన ఉదాహరణలో అతుకు బాగున్నా 2.5 తీగకు అది అసాధ్యం. 16 చదరపు మిల్లీమీటర్ల తీగ కావాలి. అంటే కొన్ని పడవల్లో దోషం మొదటి రోజు నుంచే ఉంటుంది, చిలుము దానిని బయటపెడుతుందంతే.

సందేహం తీరకపోతే ఫ్యూజు ఉన్న మందపాటి తాత్కాలిక తీగతో బ్యాటరీ నుంచి నేరుగా విద్యుత్ ఇచ్చి చూడాలి. యంత్రం సరిగా నడిస్తే కంప్యూటర్ నిర్దోషి.

5. దిక్సూచి, సమాచార తీగలు:

విద్యుత్ బాగున్నా పడవ వంకర టింకరగా పోతే దిక్సూచిని చూడాలి. విద్యుత్ పారే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. దిక్సూచి పక్కగా పోయే తీగల జంటను మెలిపెడితే ఆ ప్రభావం చాలావరకు రద్దవుతుంది. పడవ కట్టి ఉండగా ఫ్రిజ్, దీపాలు, పంపు ఒక్కొక్కటిగా వేసి దిక్సూచి అంకె మారుతుందేమో గమనించడం సులువైన పరీక్ష. ఎవరో పక్కన పెట్టిన స్పీకరు కూడా కారణం కావచ్చు.

పరికరాలను కలిపే ఎన్.ఎమ్.ఇ.ఎ. 2000 తీగకు రెండు కొసల్లో 120 ఓమ్‌ల నిరోధకాలు ఉంటాయి. విద్యుత్ ఆపి రెండు సమాచార తీగల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక నిరోధకం లేదు, 40 వస్తే ఒకటి అధికంగా ఉంది.

మోటారు తిరిగే చప్పుడు వినిపించి చుక్కాని కదలకపోతే క్లచ్ తీగ వైపు చూడాలి. తీగలన్నీ తిరిగి కలిపాక, రేవు వదలకముందే, కుడికి 10 డిగ్రీలు ఆజ్ఞ ఇచ్చి చుక్కాని కుడికే తిరుగుతున్నదో లేదో కళ్లతో చూడాలి. మోటారు తీగలు రెండూ తారుమారైతే యంత్రం పొరపాటును సరిదిద్దడానికి బదులు పెంచుకుంటూ పోయి చుక్కానిని చివరికంటా తిప్పేస్తుంది. ఈ పరీక్షకు అర నిమిషం చాలు. సముద్రం మీద అదే తప్పును సరిచేయడానికి ఒకరు చుక్కాని పట్టుకుని ఉండగా మరొకరు తలకిందులుగా అరలోకి దూరవలసి ఉంటుంది.