కొండ దిగివచ్చే భాష



పలాస సంతలోనో టెక్కలి బస్సు స్టాండులోనో చింతపండు, కొండచీపుర్ల మూటలతో దిగే సవర తల్లులను మనం చూస్తూనే ఉంటాం. మనతో తెలుగులో బేరమాడతారు. తమలో తాము మాట్లాడుకునేటప్పుడు మాత్రం మనకు ఒక్క ముక్క అర్థం కాదు. “అదేదో కొండ యాస” అని తీసిపారేస్తాం. మందస, మెళియాపుట్టి కొండల కింద తరతరాలుగా కాపురముంటున్న మనకే ఇది తగునా?

అది యాస కాదు. తెలుగు ద్రావిడ భాష. సవర ముండా భాష. సంతాలీ, ముండారీ దానికి దగ్గరి చుట్టాలు. దూరపు చుట్టరికం కంబోడియా ఖ్మేరు దాకా పోతుంది. దాని లెక్క చూడండి. పన్నెండు తరువాత పదమూడుకు “పన్నెండు, ఒకటి” అంటారు. ఇరవైకి వేరే మాట ఉంది. కాబట్టి ముప్పయి మూడంటే “ఇరవై, పన్నెండు, ఒకటి”. ఇలా లెక్కపెట్టే ఇంట్లో పెరిగిన బిడ్డ మన బడిలో తడబడితే, ఆ బిడ్డ మొద్దు కాదు. రెండో భాషలో లెక్క నేర్చుకుంటోంది.

ఈ సంగతి మన జిల్లావాడైన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు ముందే గ్రహించారు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన ఆయన, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చారు. అప్పటికి దానికి వ్యాకరణ పుస్తకం లేదు, నిఘంటువు లేదు. సవరలు మాట్లాడుతుంటే విని రాసుకున్నారు. సవర పిల్లలకు వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. వాడుక తెలుగు కోసం ఆయన పోరాడింది సవర నేర్చిన తరువాతే. ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. సవరను మాత్రం మరిచాం.

సంఘ చరిత్రలోనూ ఈ పాఠం ఉంది. పెరూలో మొట్టమొదట అచ్చయిన పుస్తకం 1584 నాటి క్రైస్తవ ప్రశ్నోత్తర బోధ. అది స్పానిషుతోపాటు అక్కడి కొండవారి కెచువా, ఐమారా భాషల్లోనూ వెలువడింది. అయినా జయించినవారి భాషే పెద్దదైంది. 1975 వరకు పెరూ ప్రభుత్వం కెచువాను అధికార భాషగా గుర్తించలేదు. మన పొరుగున ఒడిశా కొండల్లో కెనడా బాప్టిస్టు మిషనరీలు సవర నేర్చుకొని, ఆ భాషలోనే వాక్యం అందించారు. పెంతెకొస్తు దినాన జరిగిందీ అదే గదా! వచ్చినవారు అపొస్తలుల భాష నేర్చుకోలేదు. ఎవరి భాషలో వారే విన్నారు.

మరి మన ఆరాధనల్లో? కొండ నుండి వచ్చిన విశ్వాసి వెనుక వరుసలో కూర్చుని, తెలుగు పాటకు పెదవులు కదిపి వెళ్లిపోతున్నాడు. వచ్చే ఆదివారం ఆయనను ముందుకు పిలిచి, “అన్నా, మీ మాటల్లో ప్రార్థన చేయండి” అని అడగండి. మనకు అర్థం కాకపోవచ్చు. తెలుగు ఆరాధనలో ఆయన ఇన్నాళ్లూ అలాగే కూర్చున్నాడు. సంఘంలో సవర పిల్లలుంటే, వారి దగ్గర పది మాటలు నేర్చుకోండి. వారు గురువులైన రోజున వారి ముఖాలు చూడండి.