పవర్ పెంచితే నెట్ బాగుపడుతుందా? 36 డీబీఎం లెక్క

ఈ ఎపిసోడ్‌కి కారణం మా ఫ్రెండ్ ఒకడు. అమెరికాలో డాలస్‌కి కాస్త దూరంగా ఉంటాడు. కేబుల్ రాదు, ఇంటి మీద చిన్న డిష్, దూరంగా టవర్, ఆ రేడియో లింక్ మీదే వాడి ఆఫీసు పని. నెట్ స్లో అయ్యేసరికి ఫోన్ చేశాడు. "రేయ్, సెట్టింగ్స్‌లో దేశం మార్చేస్తే పవర్ పెరుగుతుందంట, మార్చెయ్యనా?" ఆగరా బాబూ అన్నాను. ఎందుకో చూద్దాం.

ఈ రేడియోలకి లైసెన్స్ అక్కర్లేదు. కానీ రూల్స్ ఉన్నాయి. అక్కడ ఎఫ్‌సీసీ రూల్స్‌లో పార్ట్ 15 అంటారు. 5.8 గిగాహెర్ట్జ్‌లో రేడియో నుంచి యాంటెన్నాకి వెళ్ళే పవర్ 1 వాట్ దాటకూడదు. అంటే 30 డీబీఎం. దానికి 6 డీబీఐ యాంటెన్నా కలిపితే 36 డీబీఎం, అంటే 4 వాట్లతో సమానం. దీన్నే ఈఐఆర్‌పీ అంటారు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌కి కూడా ఇదే 4 వాట్ల లిమిట్.

టవర్ మీద చాలా ఇళ్ళకి ఇచ్చే 16 డీబీఐ సెక్టార్ పెట్టారనుకోండి. గెయిన్ 10 ఎక్కువైంది కాబట్టి పవర్ 10 డీబీ తగ్గించాలి. 1 వాట్ కాస్తా 100 మిల్లీవాట్లు అవుతుంది. అదే 5.8లో ఒక చోటు నుంచి ఒకే చోటుకి వేసే లింక్ అయితే తగ్గించక్కర్లేదు. 30 డీబీఐ డిష్ పెడితే 60 డీబీఎం, వెయ్యి వాట్లతో సమానం! కరెంటు అంత కాలుతుందని కాదు. టార్చిలైట్ బల్బు అదే, అద్దం వెలుగుని ఒకవైపుకి తోస్తుంది. పక్కవాళ్ళ మీద పడేది తక్కువ, అందుకే ఆ సడలింపు.

అసలు సంగతి ఇప్పుడు. 5.25-5.35, 5.47-5.725 బ్యాండ్లలో 250 మిల్లీవాట్లే, ఈఐఆర్‌పీ 1 వాట్. పైగా రాడార్ వినిపిస్తే రేడియో 10 సెకన్లలో ఆ ఛానెల్ వదిలేయాలి, 30 నిమిషాలు తిరిగి రాకూడదు. దీన్నే డీఎఫ్‌ఎస్ అంటారు. ఎందుకంటే 5.6 దగ్గర విమానాశ్రయాల వాతావరణ రాడార్లు ఉన్నాయి. 1985 ఆగస్టు 2న డాలస్‌లో దిగుతున్న డెల్టా 191 విమానం, మేఘం కింద ఒక్కసారిగా కిందికి దూకిన గాలిలో చిక్కుకుని కూలిపోయింది. 137 మంది చనిపోయారు. అలాంటి గాలిని ముందే పసిగట్టడానికే ఈ రాడార్లు పెట్టారు. ప్యూర్టో రికోలోని సాన్ హువాన్‌లో ఇలాంటి రాడార్‌కి అడ్డొచ్చిన ఆపరేటర్లకి ఎఫ్‌సీసీ జరిమానాలు కూడా వేసింది.

దేశం మారిస్తే ఈ కాపలా కూడా పోవచ్చు అన్నమాట.

మరి మావాడి నెట్? గాలివానకి డిష్ కొంచెం పక్కకి తిరిగింది, అంతే. నట్టు వదులు చేసి, సిగ్నల్ చూసుకుంటూ సరిచేశాడు. పంపడానికే లిమిట్, వినడానికి లేదు. కాబట్టి ముందు డిష్ చూడండి, చెట్టుకొమ్మ అడ్డుందేమో చూడండి. పవర్ జోలికి వెళ్ళకండి.