దుర్గం చెరువు నుండి చార్మినారు దాకా

హైటెక్ సిటీలో ఉద్యోగము చేయువారిని ఎవరినైనను మీ ఊరి వయస్సెంత అని అడిగినచో, పాతికేండ్లకు కొంచెము ఎక్కువ అని చెప్పుదురు. ఆ లెక్కకు ఆధారము లేకపోలేదు. మాదాపురములో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది 1998లో. అంతకు ముందు అచ్చట గుట్టలు, బండరాళ్లు, నడుమ నడుమ పల్లెలు ఉండెడివి. అందుచేత గోలకొండను, చార్మినారును చూడవలెనన్న కోరిక కలిగినపుడు ఈ ప్రాంతమువారు తమ ఊరు విడిచి వేరొక ఊరికి పోవుచున్నట్లే బయలుదేరుదురు. మేమును అట్లే అనుకొనెడివారము. ఒక్కనాటి యాత్రలో ఆ అభిప్రాయము మారినది. అది ఎట్లు మారినదో, అట్టి యాత్ర చేయదలచినవారు ఏమేమి గమనింపవలెనో శ్రోతలకు విన్నవింపదలచినాము.

మేము నలుగురము. మాలో పెద్దవారు మా పెదనాన్నగారు. డెబ్బది యేండ్లు దాటినవి. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నారు. కారు నేరుగా గోలకొండకు పోవలెనని మేము నిశ్చయించుకొనగా, "ముందుగా చెరువు చూపించండి" అని ఆయన పట్టుబట్టినారు. చెరువనగా దుర్గం చెరువు. మాదాపురమునకు, జూబిలీ హిల్సునకు నడుమ బండల మధ్య ఒదిగియున్న ఈ చెరువుమీద 2020లో తీగల వంతెన వేసినారు. సాయంకాలము దీపములు చూచుటకు జనము వచ్చుచుందురు. కాని కుతుబ్ షాహీల కాలములో గోలకొండ కోటకు త్రాగునీరు ఇచ్చటి నుండియే పోయినదను సంగతి వంతెనమీద ఫోటోలు తీసికొనువారిలో ఎందరికి తెలియును? మట్టి గొట్టముల ద్వారా ఈ నీరు కోటకు చేరెడిది. "నీరు పల్లమెరుగును గదా. ఇచ్చటి నుండి అచ్చటికి వాలు ఎంత ఉన్నదో చూచి, ఆ వాలు ఎచ్చటను తప్పకుండ గొట్టము పరచవలెను. మా కాలములో దానికి పరికరములుండెడివి, వారికేమున్నవో!" అని పెదనాన్నగారు ఆశ్చర్యపడినారు. ఇప్పుడా నీరు త్రాగుటకు పనికిరాదు. చుట్టును లేచిన కట్టడముల మురుగు కొన్నేండ్లు ఇందులోనికే వచ్చినది. కొంచెముసేపు వాసన భరించి నిలువబడి, పది కిలోమీటర్ల దూరములో ఉన్న కోటకు బయలుదేరినాము.

గైడును గూర్చి ఒక మాట చెప్పవలెను. కోటవద్ద లైసెన్సు గల గైడులు దొరకుదురు. పదిమందితో కలిసి గంటసేపు తిరుగుట ఒక పద్ధతి. మన బృందము కొరకే ఒకరిని దినమంతయు కుదుర్చుకొనుట మరియొక పద్ధతి. రెండవది కొంత ఖర్చుతో కూడినదే, కాని ముసలివారు, పిల్లలు ఉన్నప్పుడు అదియే మేలు. ఏ భాషలో చెప్పవలెను, కోట మాత్రమేనా లేక నగరము కూడనా, ఎంత ఇవ్వవలెను అను మూడు విషయములను ముందుగనే మాట్లాడుకొన్నచో పిదప మాట పట్టింపులుండవు. మాకు దొరకిన గైడు అరువదేండ్లవాడు. ఆయన ఇల్లు కోటలోపలనే. కోటలో ఇల్లేమిటని మేము విస్తుపోతిమి. పైగోడ లోపల నేటికిని బజారులున్నవి, బడులున్నవి, వేలమంది కాపురమున్నారు. గోలకొండ శిథిలమని మనము అనుకొందుము గాని, దానిలో సగము ఊరే.

ఆయన మొదట చెప్పిన మాటయే మాకు నచ్చినది. "కథలు చెప్పమంటే చెప్త సార్. చెప్పకపోతే బక్షీసు రాదు. కాని నమ్మాలె అంటే మాత్రం రాయిని చూసి నమ్ముండ్రి."

కోట కథ చాలవరకు తెలిసినదే. కాకతీయుల కాలమునాటి మట్టికోట పదునాలుగవ శతాబ్దిలో బహమనీల వశమైనది. వారి ప్రతినిధిగా వచ్చిన సుల్తాన్ కులీ 1518లో స్వతంత్రుడై కుతుబ్ షాహీ వంశమును స్థాపించినాడు. ఆయనయు, ఆయన తరువాతివారును మట్టిగోడలను రాతిగోడలుగా మార్చినారు. వెలుపలి గోడకు 87 బురుజులు, 8 ద్వారములు. ఈ అంకెలు ప్రతి పుస్తకములోను ఉన్నవి. మా గైడు వీనిని ఒక్క ఊపిరిలో చెప్పి ముగించి, బాలాహిస్సారు ద్వారమునకు ఎదురుగా అడ్డముగా నిలిచిన గోడవద్ద మమ్ము ఆపినాడు. ద్వారమునకు ముందు గోడ ఎందుకు? ఏనుగు తలుపును పొడువవలెనన్న కొంతదూరము పరుగెత్తి రావలెను. ఈ గోడ ఆ పరుగునకు చోటు లేకుండ చేయుచున్నది. దానిని తప్పించుకొని వచ్చినను తలుపులకు ఇనుప ములికులు. శత్రువు ఎట్లు వచ్చునో మొదట ఊహించి, పిదప రాయి పేర్చినారని అప్పుడు బోధపడినది.

ఆ ద్వారము లోపలనే గోలకొండ ప్రసిద్ధికి కారణమైన చప్పట్ల చోటు ఉన్నది. గుమ్మటము క్రింద ఒక నిర్ణీతమైన స్థలములో నిలిచి చప్పట్లు చరిచినచో, కొండ కొనయందున్న బారాదరిలో వినిపించును. పైకప్పు లోతట్టు అంతయు పలకలు పలకలుగా తీర్చియున్నది. ధ్వని ఆ పలకలకు తగిలి, చెదరిపోక, ద్వారము దాటి పైకి మరలును. పక్కన రెండడుగులు జరిగి చరిచినచో ఆ బలము ఉండదు. క్రింద ఎవరు వచ్చినారో పైవారికి తెలియుటకు, అపాయమును తెలుపుటకు ఇది ఉపయోగపడెడిది. ఇంతవరకు అందరును చెప్పుదురు. ఎవరును చెప్పని సంగతి ఒకటున్నది: ఇది వినవలెనన్న ఒకరు క్రిందనే ఉండిపోవలెను! పెద్ద గుంపుతో పోయినపుడు ఎవరి చప్పట్లో వినుచుందుము. మేము నలుగురమే కదా. పైకి మూడువందలకు మించిన మెట్లు. పెదనాన్నగారి మోకాళ్లు ఒప్పవు. "నేనే ఉందును. మూడుమార్లు కొట్టెదను, ఆగి మరల రెండు" అని ఆయన గడియారము చూచుకొని గుమ్మటము క్రింద నిలువబడినారు.

మెట్లెక్కుట మొదలుపెట్టినపుడు గైడు గోడలోని మట్టి గొట్టపు ముక్కలను చూపినాడు. దుర్గం చెరువు నుండి నీరు కోట వరకు వచ్చిన మాట నిజమే, మరి కొండమీదికి ఎట్లు ఎక్కినది? కడవలు కట్టిన పెద్ద చక్రములను ఎద్దులచేత త్రిప్పించి క్రింది తొట్టిలో నుండి పై తొట్టికి, అచ్చటి నుండి ఇంకను పై తొట్టికి, అంతస్తులు అంతస్తులుగా తోడినారు. పై తొట్టి నిండిన పిమ్మట గోడలలోని గొట్టములగుండ అంతఃపురములకు, తోటలకు, స్నానశాలలకు తనంతట దిగినది. మన అపార్టుమెంట్ల మీద నీటితొట్టి చేయుచున్న పని ఇదియే. విద్యుత్తు పంపునకు బదులు ఎద్దులు. ఇచ్చట చాలసేపు నిలిచితిమి. ఈ గొట్టములను చూచిన తరువాతనే 1687 నాటి ముట్టడి మాకు అర్థమైనది. ఔరంగజేబు సైన్యము ఆ యేడు మొదట వచ్చి సుమారు ఎనిమిది నెలలు కోట చుట్టును కూర్చున్నది. వానలలో, ఆకలితో బాధపడినది వెలుపలివారే. సెప్టెంబరులో కోట పడినది, కాని గోడ కూలి కాదు. లంచము తీసికొన్న ఒక సర్దారు లోపలి నుండి తలుపు తీసినందున. మొగలు సైన్యము ప్రవేశించిన ద్వారమునకు ఫతే దర్వాజా, అనగా విజయ ద్వారము, అను పేరు నిలిచినది.

బారాదరి చేరినపుడు మాకు ఊపిరి ఆడుటలేదు. గైడు చేయెత్తి నిశ్శబ్దముగా ఉండుమన్నాడు. గాలి, కాకులు, ఎవరో పిల్లవాని ఏడుపు. పిదప సన్నగా, ఎండుకట్టె విరిచినట్లు, మూడుమార్లు. ఆగి, రెండు. మాలో చిన్నవాడు "పెదనాన్నా!" అని గట్టిగా కేకవేసినాడు. ఆ కేక ఆయనకు వినిపింపలేదని తరువాత తెలిసినది.

పైనుండి చూపు నాలుగు దిక్కులకును సాగును. పడమట గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు. ఉత్తరమున కుతుబ్ షాహీల సమాధుల గుమ్మటములు. తూర్పున మసక పట్టిన పాత నగరము. దుర్గం చెరువు ఏ దిక్కున ఉన్నదో గైడు వ్రేలితో చూపినాడు గాని, నీరు కనబడలేదు. మేడలే కనబడినవి.

దిగునపుడు రామదాసు బందిఖానా. భద్రాచలపు తహసీలుదారు కంచెర్ల గోపన్న సర్కారు సొమ్మును రామాలయమునకు వినియోగించి, తానాషా కాలములో ఇచ్చట బంధింపబడినాడు. గోడమీది దేవతా రూపములను ఆయనయే చెక్కినాడని చెప్పుదురు. తెలుగువారెవరును ఇచ్చట మాట్లాడరు, మేమును మాట్లాడలేదు. వెలుపలికి వచ్చిన తరువాత గైడు ఒక్క మాట అన్నాడు: బందీ చేసిన తానాషా కూడ తన శేషజీవితమును దౌలతాబాదు కోటలో బందీగనే గడిపినాడు.

సమాధుల తోటకు మధ్యాహ్నము పోయినాము. 2013 నుండి పదేండ్లకు పైగా జరిగిన మరమ్మతులవలన ఈ చోటు కొత్త రూపు దాల్చినది. ఇచ్చటి మెట్లబావులను బాగుచేసినందుకు 2022లో యునెస్కోవారి పురస్కారము లభించినది. తొందరలో ఉన్నవారు బావులనైనను చూడవలెను. ఇబ్రహీం కుతుబ్ షా సమాధివద్ద మాత్రము తెలుగువారు కొంచెము నిలువవలెను. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలిచినారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానము'ను ఆయనకే అంకితమిచ్చినాడు. ఆయన కొలువులోని అమీన్ ఖానునకు పొన్నగంటి తెలగన అంకితమిచ్చిన 'యయాతి చరిత్రము' అచ్చతెలుగు కావ్యము. ఈ మాట మా గైడు చెప్పలేదు, మేమే ఆయనకు చెప్పినాము. ఆయన కాగితముమీద వ్రాసికొన్నాడు.

కోట ముందు, నగరము తరువాత చూడవలెనని మేము అనుటకు కారణమున్నది. కోటలో జనము కిక్కిరిసినందువలననే మూసీకి ఆవలి యొడ్డున కొత్త నగరము వెలసినది. నడుమనున్నది పురానాపూల్. ఆ వంతెనమీద కారు నెమ్మదిగా పోవుచుండగా గైడు తన ప్రసిద్ధమైన కథ ఎత్తుకొన్నాడు: యువరాజు మహమ్మద్ కులీ భాగమతిని ప్రేమించి, వరదలో మూసీని గుఱ్ఱముతో దాటినాడట, తండ్రి ఇబ్రహీం భయపడి వంతెన కట్టించినాడట. పెదనాన్నగారు వ్రేళ్లు మడిచినారు. "వంతెన 1578లో కట్టినది. యువరాజు పుట్టినది 1565లో. పదమూడేండ్ల పిల్లవాడా?" గైడు నవ్వినాడు. "అందుకే కథ అన్న సార్." భాగమతి యను స్త్రీయే లేదని చరిత్రకారులు షేర్వానీగారు వాదించినారు, ఉన్నదని వ్రాసినవారిలో ఆ కాలమువాడైన ఫెరిస్తా ఉన్నాడు. ఈ వివాదము మనము తీర్చునది కాదు. వంతెన మాత్రము నగరముకంటె పదమూడేండ్లు పెద్దది. త్రోవ ముందు పడి, ఊరు తరువాత వచ్చినది.

1591లో మహమ్మద్ కులీ ఈ నగరమునకు పునాది వేసినాడు. మీర్ మోమిన్ అస్త్రాబాదీ దీని పథకమును తీర్చినాడు. చార్మినారు నడుమ, దానినుండి నాలుగు దిక్కులకు నాలుగు రాచబాటలు, ఉత్తరమున నాలుగు కమానులు, వాని మధ్య గుల్జార్ హౌజ్. కోటలో అంతయు వంకరత్రోవలు, శత్రువును నమ్మని త్రోవలు. ఇచ్చట అన్నియు తిన్నని బాటలు. ఉదయము కోట చూచిన కన్నులకే ఈ భేదము తెలియును. చార్మినారు క్రింద నుండి గోలకొండకు సొరంగమున్నదని గైడు చెప్పబోయి, పెదనాన్నగారి ముఖము చూచి ఆగిపోయినాడు. మక్కా మసీదునకు శుక్రవారము మధ్యాహ్నము పోరాదు, నమాజునకు వచ్చినవారితో నిండియుండును. గాజుల బజారులో ఎంత కాలము గడచునో చెప్పజాలము. మాకు గంట పట్టినది.

మరలివచ్చునపుడు గైడును ఆయన ఇంటివద్ద దించవలెనని ఫతే దర్వాజా మీదుగా వచ్చినాము. ఔరంగజేబు సైన్యము చొచ్చిన ఆ ద్వారములో ఇప్పుడు ఆటోలు, కార్లు ఒకదానికొకటి దారి ఇచ్చుకొనుచు పోవుచున్నవి. మా వంతు వచ్చునంతవరకు ఆగవలసివచ్చినది. ఆయన దిగి, సొమ్ము లెక్కపెట్టుకొని, కిటికీ వద్దకు వంగి అడిగినాడు.

"పొద్దుగాల చెరువు కాడికి పోయిన్రు గద సార్. నీళ్లున్నయా? నేను చెప్పుడే గాని దాన్ని ఎన్నడు చూడలె."

ఇరువదేండ్లుగా ఆ చెరువు నీటిని గూర్చి యాత్రికులకు చెప్పుచున్న మనిషి! పెదనాన్నగారు ఆయన ఫోను నంబరు వ్రాసికొన్నారు. వచ్చే ఆదివారము ఏడు గంటలకు కారు ఆయన ఇంటికే పోవలెననియు, ఈ మారు చెరువు నుండి గొట్టములు వచ్చిన జాడనే వెదకుచు కోటకు రావలెననియు నిర్ణయమైనది.