తల్లికి ఓదార్పు కాదు, తోడు కావాలి

మేధో వైకల్యం ఉన్న బిడ్డ గురించి డాక్టరు అడుగుతారు, అధికారి అడుగుతారు. ఆ బిడ్డను రాత్రింబవళ్లు చూసుకునే తల్లి మనసు ఎట్లా ఉందని ఎవరూ అడగరు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల దళితవాడల్లో ఆ మనసు మీద కూలీ భారం, కులం భారం కూడా ఉన్నాయని మేము గుర్తుచేస్తున్నాం.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. మేధో వైకల్యం మానసిక రోగం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా దాన్ని రోగంగా లెక్కించలేదు. కానీ పెంచేవాళ్లకు ఏళ్ల తరబడి విశ్రాంతి లేకపోతే దిగులు, ఆందోళన రావచ్చు. వాటికి చికిత్స ఉంది.

పత్తి ఏరబోయే తల్లి బిడ్డను ఎవరికి అప్పజెప్పాలి? ఇంట్లో ఉంటే కూలీ పోతుంది. ఆసుపత్రికి పోయినా అంతే. ఈ వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్‌లో ఉంది. ఆదిలాబాద్ నుంచి అది సుమారు 300 కిలోమీటర్లు. పైగా "తల్లి చేసిన పాపం" అనే నింద ఒకటి. అంటరానితనం మోస్తున్న ఇంటికి ఇది రెండో వెలి. ఆమెకు "ధైర్యంగా ఉండు" అని చెప్పి వస్తే సరిపోదు.

కార్యకర్తలు, విద్యార్థులు చేయగలిగిన పనులు ఇవి:

• సదరం శిబిరానికి తోడు వెళ్లండి. 40 శాతం వైకల్యం ధ్రువీకరణ ఉంటేనే పింఛను దారి తెరుచుకుంటుంది. 2023లో ఆ పింఛను నెలకు రూ.4,016 అయింది.

• మండలంలోని భవిత కేంద్రంలో బిడ్డ పేరు రాయించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను హక్కు చేసింది. బిడ్డ అక్కడ గడిపే ఆ కొన్ని గంటలే తల్లికి దొరికే విశ్రాంతి.

• రూ.లక్ష వరకు వైద్య ఖర్చులిచ్చే నిరామయ బీమాకు దరఖాస్తు నింపిపెట్టండి.

• ఇలాంటి తల్లిదండ్రులను నెలకోసారి ఒకచోట కూర్చోబెట్టండి. తన బాధ తనొక్కదానిదే కాదని తెలియడమే సగం బలం.

• నిద్ర, ఆకలి పోయినా, చావు మాట వచ్చినా ఆలస్యం చేయకండి. టెలిమానస్ 14416కు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

వికలాంగుల పింఛను కోసం మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో రోడ్డెక్కిన చరిత్ర మనది. 2016 చట్టం 24వ సెక్షన్ సంరక్షకుల భత్యాన్నీ ప్రస్తావించింది. బిడ్డ కోసం తల్లి వదులుకున్న కూలీకి లెక్క కట్టాలనేదే ఇక మన డిమాండ్ కావాలి.